తాళం తప్పిందెవరు?

నేను ఒక ఇనుప పెట్టెను. లోపల మాత్రం గొప్ప పనే ఉంది లెండి. మనిషి గొంతును సెకనుకు నలభై ఎనిమిది వేల సార్లు కొలిచి, అంకెలుగా మార్చి కంప్యూటరుకు అప్పజెప్పే కన్వర్టర్‌ని. సముద్రాల అవతల ఎక్కడో నా మరలు బిగించారు. రాజమండ్రిలో ఒక రికార్డింగు స్టూడియోకు తెచ్చి పడేసినవాడు ఫణీంద్ర, యజమానికి బావమరిది. అప్పటికి ఇరవై ఏళ్లుగా అక్కడ ఇంజనీరు కామరాజు, ఆయన పాత కన్వర్టరు రాజ్యమేలుతున్నారు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. కత్తులు మేం కాదు, వాళ్లిద్దరూ.

మా జాతికి ఒక నియమం ఉంది. రెండు కన్వర్టర్లను కలిపితే ఒకటే తాళం వెయ్యాలి, రెండోది దాన్ని అనుసరించాలి. ఆ తాళాన్ని వీళ్లు క్లాక్ అంటారు, వేసేదాన్ని మాస్టర్ అంటారు. రెండూ మాస్టర్లయి కూర్చుంటే కొలతలు జారిపోయి, రికార్డులో ఉండుండి 'టక్' మని చప్పుడు పడుతుంది. నా ముఖాన ఒక మీట తిప్పితే చాలు, బుద్ధిగా ఎవరి వెనకైనా నడుస్తాను. నాకేం పౌరుషం? పౌరుషమంతా మనుషులది.

ఒక శనివారం హరికథ చెప్పే వరహాలమ్మ వచ్చింది. అరవై రెండేళ్ల మనిషి, గొంతులో క్యాన్సరు. సోమవారం విశాఖపట్నంలో స్వరపేటిక తీసేస్తారు. కథ జనం ముందు చెప్పేదే గాని పెట్టెల ముందు చెప్పేది కాదంటూ నలభై ఏళ్లుగా ఎవరినీ రికార్డు చేయనివ్వలేదట. ఇప్పుడు చెల్లెలు మంగతాయారు ఏడ్చి ఏడ్చి తీసుకొచ్చింది.

"నా గొంతుకింక రెండ్రోజులేనండీ. ఈ ఒక్క కథా జాగ్రత్తగా పట్టండి బాబూ" అంది వరహాలమ్మ.

గొంతు నాలోకి ఎంత గట్టిగా రావాలో ఆ లెవెల్ మాత్రం ఫణీంద్ర చక్కగా పెట్టాడు, కాదనను. ఆమె ఎంత పైకి ఎత్తుకున్నా, శబ్దం మితిమీరితే వెలిగే నా ఎర్రదీపం వెలగలేదు. రగడ క్లాక్ దగ్గరే వచ్చింది.

"నాదే మాస్టరు. నీది నా దాని వెనక నడవాలి" అన్నాడు కామరాజు.

"కొత్తది తెచ్చింది మీ పాత డబ్బా వెనక నడవడానికాండీ?" అన్నాడు ఫణీంద్ర.

చివరికి ఎవరి పెట్టెను వాళ్లు మాస్టర్ చేసుకుని, ముఖాలు చెరోవైపు తిప్పుకుని కూర్చున్నారు. చెవుల్లో వాళ్లు వింటున్నది నేరుగా నా దగ్గర నుంచి వచ్చే శబ్దం. అది శుభ్రంగానే ఉంది. చెడింది నేను దాటాక, కంప్యూటరుకు వెళ్లే దారిలో ఉన్న పాత డబ్బాలోకి చేరే తీగ దగ్గర.

వరహాలమ్మ కుడిచేత చిడతలు పట్టుకుని గంటన్నర చెప్పింది. అబ్బ, ఏం గొంతండీ అది! మధ్యలో దగ్గొస్తే ఆగింది, నీళ్లు తాగింది, మళ్లీ అదే శ్రుతిలో అందుకుంది. చిడత ఒక్కటి అటూ ఇటూ కాలేదు. అయ్యేసరికి నిలబడే ఓపిక లేక, తర్వాత వింటానని ఇంటికెళ్లిపోయింది.

ఆదివారం పొద్దున కామరాజు, ఫణీంద్ర రికార్డు పెట్టి విన్నారు. కథ పొడుగునా టక్కులు. వరహాలమ్మ ఇంకా ఊళ్లోనే ఉంది, రాత్రి రైలుకు గాని బయల్దేరదు. కబురు పెడితే పాకుతూ అయినా వచ్చేది.

"నువ్వే ఫోన్ చెయ్యి. తప్పు నీ దానిది."

"మీరే చెయ్యండి. మీ డబ్బాది."

సాయంత్రం దాకా ఇదే పాట. రైలు వెళ్లిపోయింది. సోమవారం అక్కడ ఆమె గొంతు కోస్తున్న వేళకు ఇక్కడ ఫణీంద్ర గుట్టుచప్పుడు కాకుండా నా మీట తిప్పాడు. ఆ రోజు ఒక బియ్యం కొట్టు ప్రకటన రికార్డు చేశారు. ఒక్క టక్కు లేదు. ఛీ, ఏం బతుకు అనిపించింది నాకు.

నెల తర్వాత మెడకు గుడ్డ చుట్టుకుని, చేత పలక పట్టుకుని వరహాలమ్మ వచ్చింది. రికార్డు పెట్టారు. తన గొంతు వినపడగానే ముఖం వెలిగింది. రెండో నిమిషంలో చెయ్యెత్తి ఆపమంది. 'ఈ చప్పుడేంటి?' అని పలక మీద రాసింది.

కామరాజు ఏ మాత్రం తడబడలేదు. "చిడతలమ్మా. ఒంట్లో బాగోలేదు కదా మరి, అక్కడక్కడా చెయ్యి తప్పింది."

"అవునండీ, నేనూ చూశాను" అన్నాడు ఫణీంద్ర. ఆ ఇద్దరూ ఒక మాట మీద నిలబడగా నేను చూడటం అదే మొదలు.

"మా అక్క తాళం తప్పడమేంటండీ? విడ్డూరం కాకపోతే!" అని మంగతాయారు లేచింది. వరహాలమ్మ చెల్లెల్ని కూర్చోబెట్టి, గంటన్నరా విన్నది. టక్కుమన్న ప్రతిసారీ తన కుడిచేతి వంక చూసుకుంది. పలక తుడిచి రాసింది: 'తప్పిన కథ నా పేరు మీద ఉండకూడదు. చెరిపెయ్యండి.'

"వద్దే అక్కా! నీ గొంతు ఇంకెక్కడ వింటానే?" అని మంగతాయారు కాళ్లు పట్టుకుంది. నోరున్న ఇద్దరూ నోరెత్తలేదు. కామరాజు ఒక్క క్షణం కూడా ఆలస్యం చెయ్యకుండా చెరిపేశాడు.

వరహాలమ్మ పలక మళ్లీ తుడిచింది. 'మీ శ్రమంతా వృథా చేశాను. క్షమించండి' అని రాసి ఇద్దరికీ చేతులు జోడించింది.

"పర్లేదమ్మా" అన్నారిద్దరూ.