శాంపిల్‌కి పాలిష్

మా ల్యాబ్‌కి పెద్దవాళ్లు వస్తున్నారంటే చాలు, గోడలకు సున్నం, కుండీలకు ఎర్రరంగు, మెట్లకు తివాచీ! ఢిల్లీలో గవర్నమెంటు సైన్స్ అంటే ముప్పాతిక వంతు ఇదే. మిగతా పావువంతు నాలాంటి పిచ్చిమొహాలు చేస్తాయి.

పదకొండేళ్లు నేను చేసింది ఒక పూత. రాకెట్ నాజిల్‌కి వాడే నియోబియం అనే లోహపు రేకుని ఉత్తినే మంటలో పెడితే పొడిపొడిగా రాలిపోతుంది. నా పూత ఉంటే పదహారు వందల డిగ్రీలకీ చెక్కుచెదరదు. వెంట్రుక మందమే ఉంటుంది, మసిపట్టిన పెనంలా గరుగ్గా. ఆ రోజు నిధులిచ్చే కమిటీ ముందు పది నిమిషాలు మంటకి నిలిస్తే ప్రాజెక్టు ఇంకో అయిదేళ్లు నడుస్తుంది, లేకపోతే మూత.

మునిర్కా ట్రాఫిక్‌లో ఇరుక్కుని నేను చేరేసరికి మంట వెలిగించేశారు. బిగింపులో రేకు తళతళలాడుతోంది.

"ఇదేంటి సార్?" అన్నాను మా డైరెక్టర్ పార్థసారథి గారితో.

"పాలిష్ పెట్టించానమ్మా. అంత నల్లగా ఉంటే ఫోటోలో ఏం బావుంటుంది?" మురిసిపోతున్నాడు మహానుభావుడు! మెటలర్జీలో డాక్టరేటు కూడానూ.

"అయ్యో, పూతంతా గీకేశారు, ఆపండి!" అని అరిచాను. అప్పటికే తెల్లటి పెచ్చులు రాలుతున్నాయి. చూస్తుండగానే రేకుకి చిల్లు పడింది.

కమిటీ ఛైర్మన్ సుధీంద్రకి ఉన్నదున్నట్టు చెప్పేశాను. "శాంపిల్ ముట్టుకోవడానికి పర్మిషన్ ఎవరిచ్చారు?" అన్నాడాయన. హమ్మయ్య, బుర్రున్న మనిషి ఒకడైనా దొరికాడనుకున్నాను.

పార్థసారథి గారు తొణక్కుండా ఫైలు తెప్పించారు. 'ప్రదర్శన నిమిత్తం శాంపిల్‌కు మెరుగు పెట్టవచ్చును.' కింద నా సంతకం! అంతకుముందు మంగళవారం తివాచీలు, బొకేలు, సమోసాల కాగితాల మధ్య అదీ వచ్చుంటుంది. ఈ చెత్త చదివే తీరిక సైంటిస్టుకెక్కడిది అనుకుంటూ ఇరవై కాగితాల మీద బరబరా గీకిపారేశాను.

"సంతకం మీదేనా మేడమ్?" అన్నాడు సుధీంద్ర.

"నాదే. ఒక్క నెల టైమివ్వండి సార్, ఇంకో రేకు చేసిస్తాను."

"మీ అనుమతితో పెట్టిన టెస్టే కదా," అంటూ ప్రాజెక్టు ముగింపు నోటు నా ముందుకు జరిపాడు. "ఇక్కడా ఒకటి పెట్టండి."

ఈసారి ప్రతి అక్షరం చదివాను.