గుండీలు పెట్టే చేతులు

తాళాలాయన పొద్దున ఆరింటికి లేచి మంచం అంచున కూర్చునేసరికి, ఆయన భార్య చేతులు వంటింట్లో గిన్నెలు సర్దుతూ ఉండేవి. ఆవిడ పోయి రెండేళ్లయింది. మణికట్ల దాకా చేతులు మాత్రం రోజూ వచ్చేవి. టీ కాచేవి, కళ్లజోడు తుడిచి ఆయన ముక్కు మీద పెట్టేవి, చొక్కా గుండీలు పెట్టేవి.

"ఇవాళ గిన్నెల చప్పుడు ఆలస్యమైందేంటి, చేతులు బాగానే ఉన్నాయా?" అని కింది వాటా ఆవిడ పలకరించేది.

అవి బాగానే ఉన్నాయి. ఆయనే బాగా లేడు. నలభై ఏళ్లు ఊరందరి తాళాలు విప్పిన వేళ్లకి ఇప్పుడు చెంచా కూడా బరువే. కూర్చుని కూర్చుని కాళ్లు పుల్లలయ్యాయి. కూతురు కంగారుపడి ఆరోగ్య కేంద్రం నుంచి ఒక అమ్మాయిని పిలిపించింది. పెద్దవాళ్ల చేత వాళ్ల పనులు వాళ్లే చేసుకునేలా సాధన చేయించడం ఆ అమ్మాయి ఉద్యోగం.

"చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవండి తాతగారూ. పదిసార్లు."

"తుప్పు పట్టిన తాళాన్నమ్మా. బలవంతం చేస్తే చెవి విరుగుతుంది."

"నూనె వేస్తూ తిప్పుదాం లెండి."

ఆయన రెండుసార్లు లేచి కూలబడేవాడు. గుండీల దగ్గర మరీ మొరాయించేవాడు. "కాసేపు ఆగండమ్మా, ఆయన్ని పెట్టుకోనివ్వండి" అని చేతుల్ని బతిమాలేది ఆ అమ్మాయి. అవి తలుపు పక్కకి తప్పుకునేవి. ఆయన కాసేపు తడుముకుని, "నావల్ల కాదు" అనేవాడు. అవి గబగబా వచ్చేసేవి.

ఒకరోజు ఆ అమ్మాయి కాస్త ముందుగా వచ్చింది. ఓరగా తీసి ఉన్న తలుపులోంచి చూస్తే, ఆయన రెండు గుండీలు చకచకా పెట్టుకుని, మళ్లీ విప్పేసి, బుద్ధిమంతుడిలా కూర్చున్నాడు.

"వచ్చు కదా మీకు!"

ఆయన తల దించుకున్నాడు. "నాకు వస్తే, అవి రావడం మానేస్తాయమ్మా."

ఆ రోజు ఆమె ఆయన సాధన లెక్క రాసుకునే పుస్తకంలో ఏమీ రాసుకోలేదు.

ఆ ఆదివారం ఆయన స్నానాల గదిలో జారిపడ్డాడు. చేతులు ఆయన చంకల కింద పట్టి లాగాయి. భుజాలు లేని చేతులు మనిషిని ఎలా లేపుతాయి? చాలాసేపు లాగి లాగి, చివరికి పోయి వీధి తలుపు గడియ తీసి, మెట్లు దిగి, కింది వాటా తలుపు బాదాయి. ఆవిడ తీసేసరికి వాటి కణుపులు చిట్లిపోయి ఉన్నాయి.

ఆయన ఎముకలేవీ విరగలేదు. కూతురు మాత్రం భయపడిపోయింది. "ఇక ఒక్కడివే ఉండొద్దు నాన్నా. వృద్ధాశ్రమంలో గది చూశాను. ఒకటో తారీఖున వెళ్దాం."

మర్నాడు చేతులు టీ కాయలేదు. నేరుగా ఆయన ముందుకొచ్చి, ఆయన వేళ్ల మధ్య గుండీ ఉంచి, పైనుంచి మెల్లగా నొక్కి కాజాలోకి తోయించాయి. ఒకటి. ఇంకొకటి. ఐదూ అయ్యేదాకా అలాగే. ఆయన వాటిని గట్టిగా పట్టుకున్నాడు.

"ఉండవే" అన్నాడు.

కాసేపు ఉన్నాయి. తేలికవుతూ తేలికవుతూ ఉన్నాయి. చివరికి ఆయన అరచేతులు రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని మిగిలాయి.

ఆ తర్వాత అవి రాలేదు. ఆయన ఏడ్చాడు. టీ కావాలంటే లేవాలి కాబట్టి లేచాడు. కుర్చీలోంచి మూడుసార్లు, ఏడుసార్లు, పదిసార్లు. కూతురు చూసి చూసి, గది వద్దని ఆశ్రమానికి కబురు పంపింది. మూడు నెలలకి ఆయన మెట్లు దిగి, తన బ్రెడ్డు తనే తెచ్చుకుంటున్నాడు.

ఆ అమ్మాయి వచ్చినప్పుడు టీ కూడా ఆయనే ఇచ్చాడు. ఒక్క చుక్క ఒలకలేదు. ఆమె సంబరంగా పుస్తకం మూసింది. "అన్నీ మీరే చేసుకుంటున్నారు తాతగారూ! వచ్చే వారం నుంచి నేను రానక్కర్లేదు."

ఆయన ఖాళీ కప్పు అందుకున్నాడు.

"నువ్వు కూడానా అమ్మా?" అన్నాడు.