చప్పుడు లేని చోటు

పెద్దమ్మ గుసగుసగా ఒక రహస్యం చెబితే పక్క వాటాలో వాళ్లు "అవునా!" అంటారు. అది ఆ ఇంట్లో పాత హాస్యం. దానికి అందరికంటే ముందు నవ్వేది కూడా పెద్దమ్మే.

ఆవిడ పడుచుతనం నుంచీ మరమగ్గాల షెడ్డులో నిలబడి పనిచేస్తున్న మనిషి. అక్కడ మగ్గాల మోత మీదుగా మాట వినపడాలంటే గొంతు చించుకోవాలి. లేదంటే ఊరికే నోరు మెదిపితే ఎదుటివాళ్లు పెదాలు చూసి అర్థం చేసుకోవాలి. ఆ షెడ్డు ఆవిడకి రెండు విద్యలూ నేర్పింది. బదులుగా చెవుల్లో సగం, మోకాళ్లలో సగం పుచ్చుకుంది.

ఆవిడ చెల్లెలి కూతురు దీనికి పూర్తిగా తలకిందులు. మాట పెదవి దాటదు. క్లాసులో హాజరు పలికినా టీచరుకి వినపడక రెండోసారి పిలుస్తుంది. అందుకే "గువ్వ" అని పెద్దమ్మ ముద్దుపేరు పెట్టింది. ఆ పేరే ఇంట్లో నిలిచిపోయింది.

అడవికి వెళ్దామన్న ఆలోచన పెద్దమ్మదే. బస్టాండు గోడ మీద అటవీ శాఖ వాళ్ల పోస్టరు ఒకటి అంటించి ఉంది. చెట్ల మధ్య పెద్ద చెరువు, దాని మీద పొగమంచు, మనిషన్నవాడు లేడు. దాని ముందు నిలబడి చూస్తూ చూస్తూ ఆవిడ ఎక్కాల్సిన బస్సు వదిలేసుకుంది.

"ఒసేయ్ చెల్లీ, ఒక్కసారి చప్పుడు లేని చోటు చూడాలే నేను" అంది ఇంటికొచ్చి. "పనికి సెలవుంది గానీ ఈ చెవులకి ఏనాడైనా సెలవిచ్చానా?"

"నువ్వెళ్లాక అక్కడ చప్పుడు లేకుండా ఎలా ఉంటుందక్కా?" అంది అమ్మ. ఇద్దరూ పడీ పడీ నవ్వారు.

ఒక ఆదివారం వెళ్దామని అనుకున్నారు. ఆ రోజు నుంచీ ఇంట్లో అదే మాట. బస్సుల గ్యారేజీలో మెకానిక్కుగా చేసే నాన్న, ఎక్కడ బస్సు మారాలో, ఏ బస్సు దారిలో ఆగిపోయే రకమో కనుక్కొచ్చాడు. అమ్మ నీళ్ల సీసాలు కడిగి బోర్లించింది. పెద్దమ్మ కాన్వాసు బూట్లు కొనుక్కుంది. మోకాళ్లకి అలవాటు కావాలని సాయంత్రాలు గ్యారేజీ గోడ చుట్టూ నడవడం మొదలుపెట్టింది.

"ఏం వదినా, పరుగుపందేనికా?" అన్నాడు నాన్న.

"పందెమే మరిదీ. నాకూ నా మోకాళ్లకీ."

గువ్వకీ ఆ సంబరం అంటుకునేదే. కానీ బళ్లో పక్క బెంచీ అమ్మాయిలు ఒక మాట అన్నారు. వాళ్ల ప్రకృతి సంఘం కూడా అదే ఆదివారం అదే అడవికి వెళ్తోందట. ఆ మాట విన్నాక గువ్వ అడవి ఊసే ఎత్తలేదు.

కారణం ఉంది. బడి వార్షికోత్సవంలో గువ్వకి చేతిరాత బహుమతి వచ్చింది. వేదిక మెట్లు ఎక్కుతుంటే వెనక వరసలోంచి పెద్దమ్మ కుర్చీ ఎక్కి నిలబడి, "అదిగో మా గువ్వ! మా గువ్వే!" అని అరిచింది. మైకు దిగదుడుపే. హాలంతా తిరిగి చూసి నవ్వింది. తర్వాత చాలాకాలం గువ్వ క్లాసులో అడుగుపెడితే చాలు, ఎవరో ఒకరు ముక్కుతో "మా గువ్వే!" అనేవారు. ఆ నవ్వు ఇప్పుడిప్పుడే చల్లారింది. మళ్లీ ఆదివారం అడవిలో, చెట్ల మధ్య, ఆ గొంతు...

అటవీ శాఖ ఆఫీసుకి ఫోన్ చేసి వివరాలు అడిగే పని గువ్వ మీద పడింది. "నువ్వే మాట్లాడమ్మా, చదువుకునే పిల్లవి, భయం పోతుంది" అని నాన్న ఫోన్ చేతిలో పెట్టాడు. గువ్వ కిటికీ దగ్గరికి వెళ్లి, పక్కకి తిరిగి నిలబడి మాట్లాడింది. అవతలి మనిషి ఓపికగా చెప్పాడు.

"రెండు దారులున్నాయమ్మా. ఒకటి కొండ ఎక్కేది. రెండోది చెరువు పక్కన చెక్కబాట. చదునుగా ఉంటుంది, మధ్యమధ్య కూర్చోడానికి బల్లలున్నాయి. చేతికర్ర పట్టుకుని నడిచేవాళ్లు కూడా వస్తుంటారు."

"రెండు దారులా అండీ?" అంది గువ్వ మెల్లగా.

ఫోన్ పెట్టేసి ఇటు తిరిగేసరికి మూడు మొహాలు ఆశగా చూస్తున్నాయి. ఆ అబద్ధం గువ్వ ముందుగా అనుకున్నది కాదు. నోట్లోకి దానంతట అదే వచ్చి కూర్చుంది.

"ఒకటే దారి ఉందట. కొండ ఎక్కాలట. మోకాళ్ల నొప్పులున్నవాళ్లని పంపించరట."

అమ్మ, "పోనీ ఇంకెక్కడికైనా..." అనబోయింది.

"చాల్లేవే, నా ఒక్కదాని కోసం అందరూ ఆగిపోతారా?" అంది పెద్దమ్మ. "మీరు వెళ్లిరండి. చప్పుడు లేకపోతే ఎలా ఉంటుందో విని వచ్చి నాకు చెప్పండి."

ఆ సాయంత్రం ఆవిడ గోడ చుట్టూ నడవడానికి వెళ్లలేదు. గువ్వ గది ఊడుస్తుంటే చీపురుకి మంచం కింద ఏదో తగిలింది. బూట్ల పెట్టె. మూత తీసి చూస్తే, కొన్ననాటి పల్చటి కాగితాన్నే మళ్లీ చుట్టి, లేసులు కూడా ముడిచి, రెండు బూట్లూ పడుకోబెట్టి ఉన్నాయి. గువ్వ మూత పెట్టేసింది. పెట్టాక కూడా ఆ బూట్లు కనపడుతూనే ఉన్నాయి. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు, ఎవరు "దారి" అన్నా ఉలిక్కిపడేది. నాన్న బస్సు దారి గురించి మాట్లాడుతున్నా సరే.

చివరికి శుక్రవారం బడి నుంచి రాగానే, సంచీ కూడా దించకుండా, అందరి ముందూ అనేసింది. "మళ్లీ ఫోన్ చేశాను. చెరువు పక్కన చదునుగా ఇంకో బాట తెరిచారట. పెద్దమ్మ రావచ్చట."

నిజం చెప్పే ధైర్యం లేక, అబద్ధం మీద ఇంకో అబద్ధం అతికించింది. అతుకు నిలిచింది. అక్కడే వచ్చింది చిక్కు.

"విన్నావా చెల్లీ! నోట్లో నాలుక లేని పిల్ల నా కోసం ఆఫీసు వాళ్లతో మాట్లాడిందే!" అని పెద్దమ్మ వీధిలోకి వచ్చేసింది. ఇస్త్రీ బండి ఆయనకి చెప్పింది. పాలు పోసే ఆవిడకి చెప్పింది. ఆదివారం పొద్దున బస్సులో కండక్టరుకి చెప్పింది, వెనక సీట్లో నిద్రపోతున్న ముసలాయన్ని లేపి మరీ చెప్పింది. "ఇదిగో, ఈ గువ్వే! నా కోసం బాట తెరిపించింది!"

గువ్వ తేలు కుట్టిన దొంగలా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. నాలుగు తిట్లు తిన్నా బాగుండేది. ఈ మెప్పు అంతకంటే ఎక్కువ మండుతోంది.

అడవి గేటు దగ్గర టికెట్లు చించి ఇస్తున్న గార్డుతో నాన్న మాట కలిపాడు. "చెరువు బాట ఈమధ్యే తెరిచారట కదండీ?"

"ఈమధ్యేంటండీ? నేను ఉద్యోగంలో చేరకముందు నుంచీ ఉంది. ఒక్కరోజు మూసింది లేదు."

నాన్న కూతురి వైపు తిరిగాడు. గువ్వ చేతిలోని టికెట్టు వైపు చూడసాగింది. అంతలో పెద్దమ్మ గట్టిగా నవ్వింది.

"పిల్లకి ఫోన్లో సరిగా వినపడి ఉండదు మరిదీ. నా చెవులే వచ్చినట్టున్నాయి దీనికి! పదండి పదండి, మీరిద్దరూ కొండెక్కి రండి. మేం నీళ్ల పక్కన ఉంటాం."

అమ్మా నాన్నా కొండదారి పట్టారు. చెక్కబాట మీద పెద్దమ్మ, గువ్వ మిగిలారు.

కొంచెం దూరం వెళ్లాక పెద్దమ్మే అంది. "అలా బిక్కచచ్చి చూడకే. ఆ రోజే తెలుసు నాకు. కిటికీ దగ్గర నిలబడి 'రెండు దారులా అండీ' అన్నావు. వినపడలేదు గానీ కనపడింది. పెదాలు చదవడం నాకు కొత్తా?"

గువ్వ కింద చెక్కల వైపు చూస్తూ అడిగింది. "మరి... వీధంతా ఎందుకు చెప్పుకొచ్చావు?"

"చెప్పకపోతే నువ్వు మళ్లీ మాట మారుస్తావేమోనని. నలుగురి నోళ్లలో పడ్డ మాటని వెనక్కి తీసుకోవడం కష్టం కదా." పెద్దమ్మ కొంచెం సిగ్గుపడింది. "నాకు రావాలని ఉందే గువ్వా."

నాలుగడుగులు నడిచాక మళ్లీ అంది. "నా నడక కదూ? నా వెంట కాళ్లీడ్చుకుంటూ వస్తే కొండ ఎక్కడం కుదరదని. అంతేగా?"

అవునన్నట్టు గువ్వ తల ఆడింది. తను ఆడించలేదు, అదే ఆడింది. ఇంత తేలికైన కారణం చేతికి అందితే వదులుకోవడం ఎవరి తరం?

"అయితే చూడు" అని పెద్దమ్మ అడుగు పెద్దది చేసింది.

మొదటి బల్ల వచ్చింది. గువ్వ ఆగింది, ఆవిడ ఆగలేదు. రెండో బల్ల దగ్గర బాట పక్కనే తెల్లకొంగ ఒకటి నిలబడి ఉంది. పెద్దమ్మ దాన్ని చూడనే లేదు, కళ్లన్నీ కాళ్ల ముందు చెక్కల మీదే ఉన్నాయి. ఊపిరి ఈలలా వస్తోంది. కుడికాలు వేసిన ప్రతిసారీ కింది పెదవిని పళ్లతో నొక్కి పట్టుకుంటోంది. "చూశావా, ఆలస్యం చేస్తున్నానా? చేస్తున్నానా?" అంటూ, అడవిని చూడ్డానికి వచ్చిన మనిషి అడవిని దాటేసి పోతోంది.

అవతల మలుపులో చెరువు మీదికి కట్టిన అరుగు కనపడింది. దాని మీద ప్రకృతి సంఘం అమ్మాయిలు, వాళ్ల టోపీలు. ఒకమ్మాయి ఇటు చూసి పక్కదాన్ని మోచేత్తో పొడిచింది.

గువ్వ పరుగెత్తి పెద్దమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. "నడక కాదు పెద్దమ్మా." ఆ తర్వాతి మాట తనకే వినపడనంత మెల్లగా వచ్చింది. "నీ గొంతు."

గట్టిగా అనాల్సిన అవసరం లేకపోయింది. పెద్దమ్మ కళ్లు గువ్వ పెదాల మీదే ఉన్నాయి.

ఆవిడ పక్కనున్న బల్ల మీద కూర్చుంది. కూర్చుందనడం కంటే మోకాళ్లే ఆవిణ్ణి కూర్చోబెట్టాయనాలి. టోపీల వైపు ఒకసారి చూసింది. "బడిలో ఆ బహుమతి రోజు నుంచేనా?"

"ఊఁ."

"నా గొంతు ఎంత పెద్దదో నాకెలా తెలుస్తుందే? నాకు వినపడేంత మాట్లాడతాను." మోకాలు రుద్దుకుంటూ, "మోకాలంటే అరిగింది, నా చేతిలో లేదు. ఇదొక్క మాట చెబితే తగ్గించుకునేదాన్ని కదా" అంది. ఆ మాట నిజంగానే తగ్గించి అంది. పెద్దమ్మ గొంతు అంత చిన్నగా ఉండగా గువ్వ ఎప్పుడూ వినలేదు. వినగానే అది తను పగలగొట్టిన వస్తువులా అనిపించింది.

పెద్దమ్మ కళ్లు మూసుకుంది. చాలాసేపు అలాగే ఉంది. తర్వాత తల అడ్డంగా ఊపింది.

"లాభం లేదే. లోపల మగ్గం ఆడుతూనే ఉంది. ఇంతదూరం వచ్చినా అది దిగలేదు." కళ్లు తెరవకుండానే గువ్వ మోకాలి మీద తట్టింది. "నువ్వు విని చెప్పు."

"కళ్లు తెరువు పెద్దమ్మా, చెబుతాను."

"తెరవను. పెదాలు చూస్తే షెడ్డులో ఉన్నట్టే ఉంటుంది. చెప్పు."

గువ్వ విన్నది. తనూ ఇంతవరకూ వినలేదని అప్పుడే తెలిసింది. "చెక్కల కింద నీళ్లు కొట్టుకుంటున్నాయి" అంది.

"ఏంటీ?"

"నీళ్లు. చెక్కల కింద."

"వినపడట్లేదే."

అరుగు మీద అమ్మాయిలు ఇటే చూస్తున్నారు. గువ్వ చెవులు వేడెక్కాయి. పెద్దమ్మ చెవి దగ్గరికి వంగి, ఊపిరి నిండా తీసుకుని అరిచింది.

"చెక్కల కింద నీళ్లు! తపతపమంటున్నాయి! అటుపక్క పిట్ట! ఒకటే మాట రెండుసార్లు అని ఆగుతోంది! ఇప్పుడు కప్ప దూకింది!"

చెరువు మీద ఆ గొంతు ఎంతో దూరం పోయింది. తెల్లకొంగ లేచిపోయింది. టోపీలన్నీ ఇటు తిరిగాయి, ఎవరో నవ్వారు కూడా.

పెద్దమ్మ ఒక కన్ను తెరిచింది.

"అబ్బ, మెల్లగా చెప్పవే" అంది ఎప్పటి గొంతుతో. "నలుగురూ చూస్తున్నారు."

గువ్వకి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. నవ్వబోతే ఏడుపొచ్చింది. పెద్దమ్మ మాత్రం మళ్లీ కన్ను మూసుకుని, నొప్పెడుతున్న కాలు చాపుకుని, చెవి ఇటు తిప్పింది.

"ఊఁ. కప్ప దూకింది. తర్వాత?"