పప్పు బాగుందమ్మా

కూతురు వాగ్దేవి రెండు నెలలుగా క్యారేజీ ఖాళీ చేసి తెస్తోందని భువనేశ్వరి తెనాలిలో చెప్పని మనిషి లేదు. ఎనిమిదో తరగతికొచ్చినా అన్నం దగ్గర పేచీ పెట్టే పిల్ల మరి!

ఆ బుధవారం బడి నుంచి రాగానే అడిగింది.

"ఎలా ఉందే ఇవాళ?"

"పప్పు బాగుందమ్మా."

భువనేశ్వరి చేతిలో అట్లకాడ ఆగిపోయింది. పొద్దున పెట్టింది పులిహోర.

కోప్పడలేదు. వేడివేడిగా దోసెలు వేసి పెట్టింది. పిల్ల ఆవురావురుమని తింటుంటే, "నీ అన్నం ఎవరు తింటున్నారే?" అంది మెల్లగా.

నాలుగో దోసె దాకా మాట రాలేదు. వచ్చాక ఆగలేదు. క్లాసులో ముగ్గురమ్మాయిలు బాక్సు లాక్కుంటారట. మేకలా అరిస్తే ఇస్తామంటారట. అరిచినా ఇవ్వరట.

"నాకెందుకు చెప్పలేదే?"

"ఖాళీ బాక్సు చూసి నువ్వంత సంబరపడుతుంటే ఎలా చెప్పను?"

భువనేశ్వరి పెనం మీద ఇంకో దోసె వేసింది.

రాత్రి భర్త జయంత్, "పిల్లలన్నాక ఆటపట్టిస్తారు..." అనబోయాడు.

"మీకు రోజూ అన్నం పెట్టకుండా మేకలా అరిపిస్తే ఆటేనాండీ?"

జయంత్ మర్నాడు బాపట్లలో తన ఆఫీసుకు ఒక పూట సెలవు చెప్పి భువనేశ్వరితో కలిసి బడికి వచ్చాడు.

హెడ్మాస్టరు కరుణాకర్ గారు ఆ ముగ్గురి తల్లులనూ పిలిపించారు. పాపం, వాళ్లకీ ఏమీ తెలియదు.

"రాత్రిళ్లు అన్నం ముట్టడం లేదని మా పిల్లని డాక్టరుకి కూడా చూపించామండి!" అందొకావిడ.

హెడ్మాస్టరు గారు నవ్వాపుకోలేక దగ్గారు. వాగ్దేవి మాత్రం నవ్వలేదు. లేచి నిలబడింది.

"నేనింక అరవను. నా బాక్సు నాక్కావాలి."

ఆ అమ్మాయిలు ముగ్గురూ తలలు వంచుకుని తప్పయిందన్నారు. ఇకనుంచి భోజనాల దగ్గర ఒక టీచరు కూర్చుంటారని చెప్పి, ఆ రోజుకి వాగ్దేవిని ఇంటికి పంపారు హెడ్మాస్టరు గారు.

జయంత్‌ని బాపట్ల బండి ఎక్కించడానికి తల్లీకూతుళ్లు కూడా స్టేషనుకెళ్లారు. వాగ్దేవి నడవడం లేదు, గెంతుతోంది. ఎదురుగా రేపల్లె బండి కూత వేసింది.

"అదెక్కుదామా నాన్నా?"

ఏనాడూ ఆఫీసు ఎగ్గొట్టని జయంత్ టికెట్ల కిటికీ వైపు పరుగు తీశాడు. కదులుతున్న పెట్టెలోకి ఒకరినొకరు లాక్కుని పడ్డారు. రొప్పుతూ నవ్వుతున్న వాళ్లని చూసి ఎదుటి సీటు ముసలావిడ ముచ్చటపడింది.

"రేపల్లెలో పెళ్లా అమ్మా?"

"లేదండి, ఏం పనీ లేదండి!" అంది భువనేశ్వరి. మళ్లీ నవ్వు ముంచుకొచ్చింది.

వేమూరు దాటాక వాగ్దేవి అమ్మ ఒళ్లో తల పెట్టుకుని, "ఇంకోటి కూడా చెప్పలేదు నీకు" అంది.

"చెప్పు తల్లీ," అన్నాడు జయంత్, దగ్గరికి జరుగుతూ. ఈసారి అమ్మ సంబరం చెడుతుందని వాగ్దేవి ఆగలేదు, చెప్పడం మొదలుపెట్టింది.