చింతగింజల గంజి పెట్టిన అల్పాకా

పెరూ కొండల్లో అల్పాకాలు కాచుకునేవాళ్ళను లావణ్య ఏడాదిపాటు ఫోన్లో బతిమాలింది. పెద్ద కంపెనీలకు తప్ప ఇవ్వమన్నవాళ్ళు, జాలిపడ్డారో విసిగిపోయారో, చివరికి ఒక్క పెట్టె నూలు పంపారు. అల్పాకా అంటే ఏ వింత మృగమో అనుకునేరు, వరసకు ఒంటెకు మేనత్త కొడుకు. దాని బొచ్చు మాత్రం చేతిలో ఉందో లేదో తెలియనంత మెత్తన.

ఆ నూలుతో ఒక్క బిష్త్‌కు, అదే, అరబ్బు పెద్దమనుషులు భుజాల మీద కప్పుకునే అంగీకి సరిపడా గుడ్డ నేసి చూపాలి. ఆ అంగీలు అమ్మే దుకాణం అర్బాబ్, అంటే యజమాని, అబూ సాలెం మెచ్చితే చలికాలం ఆర్డరంతా అత్తాకోడళ్ళదే. మెచ్చకపోతే, సెలవు ముగియగానే అత్త గౌరవ్వ ఖోర్ ఫక్కాన్‌లోని మేడమ్ వంటింటికి పనిమనిషిగా మళ్ళీ పోవాల్సిందే. ఊళ్ళో గొంగళ్ళు నేసిన చేతులు అక్కడ ఏళ్ళతరబడి గిన్నెలు తోమాయి. "ఇగ నిన్ను పోనియ్య అత్తమ్మా" అని లావణ్య మాటిచ్చేసింది. మాటివ్వడానికేం, నోరుంటే చాలు. నూలు మాట వినాలి కదా!

దుబాయ్‌లో లావణ్య వాళ్ళ అల్ నహ్దా ఫ్లాటు హాల్లో సోఫా తీసేసి బిగించిన మగ్గం మీద ఆ పడుగు పోగులు పటపటా తెగాయి. ముడేసిన చోట మళ్ళీ తెగాయి.

మరునాడు డ్యూటీ నుంచి వచ్చి లావణ్య తలుపు తీయగానే చింతగింజల గంజి వాసన కొట్టింది. పులుసు పెట్టినప్పుడల్లా గౌరవ్వ గింజలు కడిగి డబ్బాలో దాచేది. దుబాయ్‌కొచ్చినా ఈ పిచ్చేమిటని కోడలు నవ్వేది. ఇప్పుడా గింజలన్నీ వేయించి, రుబ్బి, ఉడికించి, గొంగడికి పెట్టినట్టే పడుగు మొత్తానికి కుంచెతో పట్టించేసింది మహాతల్లి. మెత్తటి నూలు కాస్తా చీపురు పుల్లల్లా బిగుసుకుపోయింది.

"ఏం జేసినవ్ అత్తమ్మా? ఉన్నదే ఒక్క పెట్టె."

"తెగుతాంది గద బిడ్డా. గంజి వెట్టకుంట నేసుడు మా ఇంట్ల లేదు."

"మరి ఇది కడిగితే పోతదా?"

అది గౌరవ్వకూ తెలియదు. గొంగడికి పెట్టిన గంజిని ఎవరూ కడగరు. బిరుసుగా ఉంటేనే అది గొంగడి.

లావణ్యకు ఒళ్ళు మండిపోయింది. అన్నం ముట్టకుండా పడుకుంది. తెల్లారి ఒక పోగు గట్టిగా లాగి చూసింది. తెగలేదు. "సరే, నువ్వు నెయ్యి. కడుగుడు నా పని" అంది.

ఒక్క పోగూ తెగకుండా గుడ్డ మగ్గం దిగింది. లావణ్య పెరూకు ఫోన్ చేసింది. రుద్దొద్దు, పిండొద్దు, గోరువెచ్చటి నీళ్ళలో ఊరికే నాననివ్వు అందట అక్కడి కాపరి ఆడమనిషి. మొదటి నీళ్ళు అంబలిలా చిక్కగా దిగాయి. మార్చి మార్చి పోయగా చివరికి తేటపడ్డాయి. గుడ్డ ఫ్యాను కింద ఆరుతున్నంతసేపూ గౌరవ్వ అటు చూడటానికే భయపడింది. లావణ్య చెంపకు ఆనించుకుని చూసి, ఏడుస్తూ నవ్వుతూ దాన్ని తెచ్చి అత్త భుజాల మీద కప్పింది.

అబూ సాలెం గుడ్డను పట్టుకుని మళ్ళీ వదల్లేదు. "ఔర్ కిత్‌నా బనాయేగా?" అన్నాడు. ఇంకెంత నేస్తారో నెయ్యండి, అంతా తీసుకుంటానని చేతిలో చెయ్యేశాడు.

ఆ సాయంత్రం లావణ్య బిల్డింగులో తెలుగువాళ్ళ తలుపులన్నీ తట్టి చింతగింజలు అడిగి తెచ్చింది. గౌరవ్వ వాటిని పెనం మీద వేయిస్తుండగా ఖోర్ ఫక్కాన్ మేడమ్ ఫోన్ చేసి ఎప్పుడొస్తున్నావంది.

"ఖలాస్ మేడమ్, మై నై ఆతీ" అని ఇక వచ్చేది లేదని తేల్చేసింది గౌరవ్వ గింజలు కలుపుతూనే. ఇప్పుడు సొంత పని ఉంది మరి. "అప్‌నా కామ్ హై."