బాగుంది మామయ్యగారూ

మా అల్లుడు నడిపేది రేసు కారు. దాన్ని సర్దేది మా ఆయన. టైర్లలో గాలి చూసేది నేను. పెళ్లి సంబంధం అనుకోకముందు నుంచే ముగ్గురం ఒకే షెడ్డులో పనిచేసేవాళ్లం. పెళ్లయ్యాక పని మారలేదు, పిలుపులు మారాయి. అంతకుముందు "సార్, ఈ కారుతో మలుపు తిరగడం నా వల్ల కాదు" అని మొహం మీదే అనేసే మనిషి "మామయ్యగారూ" అనడం మొదలుపెట్టాడు. "ఒరేయ్, ముందు నువ్వు బ్రేకు తొక్కడం నేర్చుకో" అనే మా ఆయన "బాబూ" అనడం మొదలుపెట్టారు. ఇంట్లో అందరం ముచ్చటపడ్డాం.

ఆ వారం ఓనరమ్మ షెడ్డుకొచ్చి డొంకతిరుగుడు లేకుండా చెప్పేసింది.

"ఆదివారం రేసులో మొదటి ఆరుగురిలో ఉంటే వచ్చే ఏడాది కూడా సీటు నీదే. లేకపోతే ఇంకొకరిని చూసుకున్నాను. మనసులో పెట్టుకోకు."

అల్లుడు "అలాగేనండి" అన్నాడు. మా అమ్మాయికి నెలలు నిండుతున్నాయి, ఇంటి దగ్గరే ఉండిపోయింది. అతను ఊహ తెలిసినప్పటి నుంచి స్టీరింగు తప్ప ఇంకోటి పట్టుకున్నవాడు కాదు. సీటు పోతే ఏం చేస్తాడన్నది ఎవరమూ పైకి అనలేదు. నేను రోజూ చేసుకునే ప్రార్థనలో మాత్రం అన్నాను. అని, మళ్లీ సందేహపడ్డాను. పక్క షెడ్డు డ్రైవరు వాళ్లమ్మ కూడా ఇదే అడుగుతుంది కదా, ఆరో స్థానం ఒక్కటేగా ఉన్నది, దేవుడు మాత్రం ఎవరికని ఇస్తాడు?

రేసంటే అందరికీ ఆదివారం మధ్యాహ్నమే కనిపిస్తుంది. మాకు శుక్రవారం పొద్దున్నే మొదలవుతుంది. ఆ రోజు ప్రాక్టీసు, శనివారం ఎవరు ఎన్నో వరసలో నిలబడాలో తేల్చే పరుగు, ఆదివారం పొద్దున ఇంకో చిన్న ప్రాక్టీసు. కారు ఇంటి దగ్గర ఎంత బాగా తయారుచేసి తెచ్చినా అక్కడి నేల గరుకుకీ, ఎండకీ, గాలివాలుకీ తగ్గట్టు మళ్లీ సర్దుకోవాల్సిందే. ఒక స్ప్రింగు కాస్త గట్టిది, వెనక రెక్క ఒక గీత కిందికి, ఇలా. ఒకసారికి ఒకటే మార్చాలంటారు మా ఆయన. రెండు మారిస్తే ఏది పుణ్యమో ఏది పాపమో తెలియదట. మార్చి పంపడం, తిరిగొచ్చాక "ఎలా ఉంది?" అని అడగడం. గడియారం ఎంత ఆలస్యమైందో చెబుతుంది గానీ ఎందుకో చెప్పదు. అది సీట్లో కూర్చున్నవాడి నడుముకే తెలుస్తుంది.

శుక్రవారం మొదటి పరుగుకి కారు చక్కగానే ఉంది. అల్లుడు దిగి, "ముందు భాగం మలుపులోకి కొంచెం బద్ధకంగా వెళ్తోందేమో... అంటే, బాగానే ఉంది మామయ్యగారూ" అన్నాడు.

మా ఆయనకి ఆ 'బద్ధకం' చాలు. కారు మలుపులో పక్కకి ఒరిగిపోకుండా పట్టుకునే కడ్డీ వెనక ఒకటి ఉంటుంది. దాన్ని ఒక మెట్టు బిగించమన్నారు. బిగిస్తే ముందు భాగం చురుగ్గా తిరుగుతుంది. శ్రుతి మించితే వెనక భాగం జారుతుంది.

రెండో పరుగుకి టైము తగ్గలేదు, పెరిగింది.

"ఎలా ఉంది బాబూ?"

"బాగుంది మామయ్యగారూ."

"మరి టైము?"

"నేనే ఒకచోట తడబడ్డానండి."

మా ఆయన తల పంకించి, "మందు సరైందే, మోతాదు చాల్లేదు" అని ఇంకో మెట్టు బిగించారు. టైము ఇంకా పెరిగింది. దానికి ఎండ ఎక్కువైందన్నారు. నేను టైర్లు తాకి చూశాను. వెనక రెండూ పెనంలా కాలుతున్నాయి, పైతోలు గీరుకుపోయి ఉంది.

"వెనక జారుతోందా బాబూ?" అన్నాను మెల్లగా.

అతను మా ఆయన వైపు ఒకసారి చూశాడు. "లేదండి అత్తయ్యగారూ, బాగానే ఉంది."

శనివారం పద్నాలుగో స్థానంలో తేలాం.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర మా ఆయన పళ్లెం ముందు పెట్టుకుని తినకుండా కూర్చున్నారు. ఆయన అలకకి మాటలుండవు, ముద్ద దిగకపోవడమే ఉంటుంది. ఆయన సర్దినదాన్ని ఎవరైనా బాగాలేదంటే రెండు పూటలు ఇంతే. అందుకే నేను కాపురానికొచ్చిన కొత్తలోనే నేర్చుకున్నాను. ఆయన కొన్న చీర బాగుంది, ఆయన వేయించిన రంగు బాగుంది, ఆయన కొట్టిన మేకు తిన్నగానే ఉంది. ఇంటి శాంతి కోసం అనే మాట అబద్ధం కింద లెక్కకొస్తుందా అని ఎప్పుడూ అనుమానమే. పెద్దవాళ్లెవరినీ అడగలేదు. వస్తుందంటారేమోనని భయం.

ఆదివారం పొద్దున మా ఆయన మెకానిక్‌ని పిలిచారు. అందరూ అతన్ని బోల్టు అంటారు, పొట్టిగా గట్టిగా ఉంటాడని.

"కడ్డీ ఇంకో మెట్టు బిగించు."

అల్లుడు హెల్మెట్ పెట్టుకుంటూ ఆ మాట విన్నాడు. కారు వెళ్లింది, నాలుగు చుట్లు తిరిగి వచ్చింది.

"ఎలా ఉంది బాబూ?"

"ఇప్పుడు బాగా తేడా తెలుస్తోంది మామయ్యగారూ. వెనక గట్టిగా ఉంది. ఈ మెట్టే ఉంచేద్దాం."

మా ఆయన మొహం వెలిగింది. పక్కన బోల్టు రెంచి చేతిలో పట్టుకుని అటూ ఇటూ చూస్తున్నాడు.

"సార్," అన్నాడు చివరికి. "నేను ఆ కడ్డీ ముట్టుకోలేదండి."

"ఏంటి?"

"ముందు చక్రం నట్టు చూసుకుని వద్దామని వెళ్లాను. ఈలోపు కారు వదిలేశారు. నిన్నటి కారే ఇది."

ఇంజన్ చల్లబడుతూ టిక్కుటిక్కుమంటోంది. అల్లుడి చెవులు ఎర్రబడ్డాయి.

మా ఆయన స్టూలు లాక్కుని అతని ఎదురుగా కూర్చున్నారు. "కారు చూసి చెప్పావా, నా మొహం చూసి చెప్పావా?"

"మీ మొహం చూశాక ఇంకేం చెప్పమంటారు మామయ్యగారూ?"

"శుక్రవారం నుంచీ అంతేనా?"

"రెండో పరుగు నుంచి."

"పెళ్లికి ముందు నన్ను అందరి ముందూ కడిగేసేవాడివి కదయ్యా."

"అప్పుడు మీరు తిండి మానేస్తే నాకేం పట్టేది కాదండి. ఇప్పుడు మీ అమ్మాయి నన్ను పస్తు పెడుతుంది."

బోల్టుకి నవ్వొచ్చి దగ్గుగా మార్చుకున్నాడు. మా ఆయన నవ్వలేదు. నా వైపు తిరిగారు. "నువ్వు? నీకు తెలుసా?"

"టైర్లు చూస్తే అనుమానం వచ్చింది."

"మరి చెప్పలేదేం?"

నేను టైర్ల వైపు తిరిగాను. ఆయన అల్లుడి చేతిలోని హెల్మెట్ తీసి అతని తలకే తొడిగారు. లేచి గోడ వైపు తిరిగి నిలబడ్డారు.

"నీకు నా మొహం కనబడదు. ఇప్పుడు చెప్పు."

హెల్మెట్ లోపలి నుంచి మాట మొదట తడుముకుంటూ వచ్చింది. తర్వాత ధార కట్టింది. మలుపు మధ్యలో వెనక జారిపోతోందనీ, ఆ భయంతో మలుపు మలుపుకీ ముందే కాలు తీసేస్తున్నాననీ, రెండో గేరులో బయటికి వచ్చేటప్పుడు కారుతో కుస్తీ పడుతున్నాననీ చెప్పాడు. "నాకు శుక్రవారం మొదటిసారి ఇచ్చిన కారు కావాలి. ఆ బద్ధకం నేను చూసుకుంటాను. మీరు బాగుచేసింది నడపడమే నా వల్ల కావట్లేదు."

గోడకేసి ఉన్న మా ఆయన భుజాలు ఒక్కసారి కిందికి దిగాయి. అంతే. "బోల్టూ, కడ్డీ శుక్రవారం మొదట ఉన్న మెట్టుకి తెచ్చెయ్," అన్నారు. మధ్యాహ్నం అన్నం కూడా తిన్నారు, మెల్లగానే అయినా.

రేసు మొదలయ్యాక అది వేరే కారేమో అనిపించింది. పద్నాలుగు నుంచి పదకొండు, తొమ్మిది, ఎనిమిది. సగం దాటేసరికి ఏడు. ముందున్న ఆరో కారు తోక అందేంత దగ్గర. మా ఆయన కంచె పట్టుకుని మునివేళ్ల మీద నిలబడ్డారు. నేను కళ్లు మూసుకుని, ఈసారి ఏ స్థానమూ అడగకుండా, అతను క్షేమంగా వస్తే చాలన్నాను. అన్నాను గానీ కళ్లు తెరిచి చూసింది ఆ ఆరో కారునే. చివరి చుట్లలో ఆ దూరం తగ్గలేదు, కాస్త పెరిగింది కూడా. ఏడో స్థానంలో ముగించాడు.

ఓనరమ్మ వచ్చి అతని భుజం తట్టింది. "ఈ కారు శుక్రవారం నుంచీ ఎక్కడ దాచారు?" అంది.

"తప్పు నాది," అన్నారు మా ఆయన. "కాదండి, నాది," అన్నాడు అల్లుడు.

"మీ మామా అల్లుళ్ల మర్యాదలు ఇంటి దగ్గర చూసుకోండి. ఆరు అన్నాను, ఏడు అయింది. మాటంటే మాటే." కటువుగా అనలేదు. వెళ్లి కారెక్కింది.

సామాను సర్దుతుంటే అల్లుడు నేను టైర్లు పేర్చుకునే చోటికి వచ్చి కూర్చున్నాడు. ఓదార్చబోయాను, ఈలోపు అతనే అన్నాడు.

"అత్తయ్యగారూ, ఒకటి చెప్పనా?"

"చెప్పు బాబూ."

"కారు బాగుంది. నిజంగానే. కానీ టైర్లలో గాలి ఎక్కువైందండి. వేడెక్కేకొద్దీ ఉబ్బిపోయి, చివర్లో పట్టు వదిలేశాయి. లేకపోతే ఆ ఆరో కారు దొరికేది."

నా చెయ్యి టైరు మీదే ఉండిపోయింది. పొద్దున చల్లగా ఉందని ఆ చల్లదనానికి సరిపడా గాలి పట్టాను. ఆ గొడవంతా అయ్యాక, మధ్యాహ్నం ఎండకి తగ్గించాలన్నది మనసుకే రాలేదు. ఇన్నేళ్లలో నా పనిని ఎవరూ వేలెత్తి చూపించలేదు. ఎండ అంత ముదురుతుందని ఎవరనుకున్నారు, కడ్డీ గొడవ మీరు పెట్టుకుని నన్నంటావా, నేనసలు మీకోసమే కదా, అన్నీ నాలుక చివరికి వచ్చేశాయి. కాస్త దూరంలో మా ఆయన పనిముట్ల పెట్టె మూత పట్టుకుని కదలకుండా నా వైపే చూస్తున్నారు.

అల్లుడు లేచి వెళ్లిపోబోయాడు. "ఏమనుకోకండి, అలసటలో అన్నాను. బాగానే ఉన్నాయి లెండి."

"కూర్చో," అన్నాను. "ఎన్నో చుట్టు నుంచి తెలిసింది? ముందు టైర్లా, వెనకవా?"