లేరండి

“నువ్వెలాగూ ఖాళీయేగా రూబీ, రేపు యూనివర్సిటీ లైబ్రరీకెళ్ళి నాకో నాలుగు పుస్తకాలు చూసి పట్రా” అన్నారు మా ఆయన, దోసె మీద నెయ్యి చాలలేదన్నట్టు గిన్నె వైపు చూస్తూ.

అప్పటికి నేను పాపకి క్యారేజీ సర్దుతున్నాను. అత్తమ్మ కళ్ళలో చుక్కల మందు వేసి వచ్చాను. మిషన్‌లో బట్టలు తిరుగుతున్నాయి. ముందురోజు సాయంత్రం ఆయన తెచ్చిన పరీక్ష పేపర్ల కట్టలో సగం దిద్ది టేబుల్ మీద పెట్టాను. మా ఆయన అజయ్ బాబు తెనాలిలో డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతారు. పేపర్లు నేను దిద్దుతాను, మార్కులు ఆయన వేస్తారు. ఆయన పేరు మీద అచ్చయిన వ్యాసాల్లో సగం ముందు నా దస్తూరీలో పుట్టినవే. ఇదంతా ఖాళీ కిందే లెక్క.

“ఏ పుస్తకాలండీ?” అన్నాను.

“సముద్రతీరం వాళ్ళ భాష మీద. సెమినార్‌కి పేపరివ్వాలి. పెళ్ళికి ముందు నువ్వేదో చదివావుగా ఆ చేపల మీద. నీకైతే చప్పున దొరుకుతాయి.”

ఆ చేపల మీద. రేపల్లెలో మా పుట్టింటి నుంచి పొద్దున్నే బయల్దేరి, నిజాంపట్నం రేవులో గంపలెత్తుకునే ఆడవాళ్ళ వెంట నడిచి, బాపట్ల దాటి సూర్యలంక దాకా తిరిగి, వాళ్ళు బేరమాడే మాటలు, తిట్టుకునే మాటలు, మగవాళ్ళకి తెలియకుండా తమలో తాము ధర చెప్పుకునే మాటలు టేపు రికార్డర్‌లో పట్టి ఎం.ఫిల్. చేశాను. పీహెచ్‌డీ పెళ్ళయ్యాక చేసుకోవచ్చన్నారు. పెళ్ళయ్యాక మామగారు మత్తయి మాస్టారు నవ్వుతూ, “ఇంటికొక పండితుడు చాలమ్మా” అన్నారు. ఆయన పోయారు గానీ ఆ మాట పోలేదు. ఇంటికి ఎవరొచ్చినా మా ఆయన ఒకే జోకు వేస్తారు. “మా ఆవిడ చేపల మీద డిగ్రీ చేసిందండీ, పులుసు ఊరికే కుదురుతుందా మరి!” వచ్చినవాళ్ళు నవ్వుతారు. నేనూ నవ్వుతూ ఇంకో ముక్క వడ్డిస్తాను. ఎం.ఫిల్. పుస్తకం మీద నా పేరు దారా సువార్త. రూబీ మా అమ్మ పెట్టుకున్న ముద్దుపేరు. అత్తగారింట్లో అందరికీ అదే అలవాటైంది. సువార్త అనే పేరు రేషన్ కార్డులో ఉండిపోయింది.

మర్నాడు లైబ్రరీ మెట్లెక్కుతుంటే కాళ్ళలో ఏదో హుషారు. మా రోజుల్లో లోపలికి వెళ్ళగానే చెక్క సొరుగులు ఉండేవి, వాటి నిండా కార్డులు. వాటి కోసం చూస్తుంటే కౌంటర్‌లో అమ్మాయి నవ్వింది. భాగ్యశ్రీ అని మెడలో కార్డుంది.

“కార్డులు ఎప్పుడో తీసేశారక్కా. ఇప్పుడంతా ఇందులోనే. ఇలా రండి” అని ఒక కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది. “పుస్తకం పేరు తెలిస్తే అది కొట్టండి. రాసినవాళ్ళు తెలిస్తే వాళ్ళ పేరు కొట్టండి. రెండూ తెలీకపోతే విషయం కొట్టండి. పక్కన వచ్చే నంబరు రాసుకుని అరల దగ్గరికెళ్తే, ఆ నంబరు పుస్తకం వీపు మీద ఉంటుంది.”

‘సముద్రతీరం’ అని కొట్టాను. తుపాన్ల మీద, రొయ్యల చెరువుల మీద, ఓడరేవుల మీద ఏవేవో వచ్చిపడ్డాయి. “మాట మార్చి చూడండక్కా. మనం అనే మాట, పుస్తకానికి వాళ్ళు పెట్టిన మాట ఒకటి కాకపోవచ్చు. మత్స్యకార స్త్రీలు అని కొట్టండి, పక్కన భాష అని కలపండి” అంది. కొట్టాను. ఈసారి వరస చిన్నదైంది. పైనే కనిపించింది. దారా సువార్త. రేపల్లె, బాపట్ల తీరంలో చేపలమ్మే స్త్రీల వ్యవహార భాష. ఎం.ఫిల్. సిద్ధాంత వ్యాసం.

ఎన్నాళ్ళయిందో నా పేరు అచ్చులో చూసి. దాని మీద వేలు పెట్టబోయి, అద్దం మరకవుతుందని తీసేశాను. భాగ్యశ్రీ నా భుజం మీదుగా చూసి, “అది తప్పకుండా చూడండక్కా. రీసెర్చి పిల్లలు తెగ అడుగుతారు. అట్టలూడిపోతే మొన్ననే మళ్ళీ బైండింగ్ చేయించాం” అంది. ఎవరు చదువుతారే ఆ చెత్త అని మా ఆయన అటక మీదికెక్కించిన పుస్తకం, ఇక్కడ చదివి చదివి అట్టలూడిపోయిందట. సంతోషంతో ఆ అమ్మాయి వైపు తిరిగాను. అది నేనేనమ్మా అని చెప్పబోతున్నాను.

“ఆవిడది ఇదొక్కటే దొరుకుతుందక్కా. ఉంటే ఇంకా రాసుండేవారు. చిన్న వయసులోనే పోయారంట పాపం.”

“ఎవరు?”

“ఆవిడేనక్కా, ఈ సువార్త గారు.”

నా చెవుల్లో ఏదో మూతపడ్డట్టయింది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ చప్పుడు లేదు. ఇంకెవరో సువార్త అయ్యుంటుందిలే అనుకున్నాను. మా ఇంటిపేరుతో, మా ఊళ్ళతో, నా పుస్తకంతో ఇంకెవరో. “నీకెవరు చెప్పారు?” అంటే, “పుస్తకంలోనే ఉందిగా, ఉండండి” అని అరల్లోకి వెళ్ళి ఒక లావుపాటి పుస్తకం తెచ్చింది. తీరాంధ్ర స్త్రీల శ్రమ, భాష గురించి శాలేమురాజు అనే ఆయన రాసింది. మొదటి పేజీ తీసి నా ముందు పెట్టింది.

‘దివంగత పరిశోధకురాలు దారా సువార్త స్మృతికి. కలిసి పనిచేద్దామని అడగడానికి తెనాలిలో వారింటికి వెళ్ళాను. అప్పటికే ఆమె లేరు.’

ఆ అక్షరాలు ఎన్నిసార్లు చదివానో తెలియదు. లోపలి పేజీలు తిప్పితే నా మాటలే. నేను పోగు చేసిన పదాలు, నేను రాసిన వాక్యాలు, ప్రతిచోటా కింద నా పేరు, నా పేజీ నంబరు. ఒక్కటి కూడా దొంగతనంగా తీసుకోలేదు. ఇంత మర్యాదగా నన్ను ఎవరూ ఎక్కడా పిలవలేదు. పిలిచినాయనేమో నేను లేననుకుని పిలిచాడు.

“ఏంటక్కా, అలా అయిపోయారు? మీకు తెలుసా ఆవిడ?”

“తెలుసు” అన్నాను. “ఈ సార్ నంబరు ఉందా నీ దగ్గర?”

శాలేమురాజు గారు బాపట్లలో ఉంటారట, పుస్తకాల కోసం తరచూ వస్తారట. నంబరు తీసుకుని వరండాలోకి వెళ్ళి, స్తంభానికి ఆనుకుని ఫోన్ చేశాను. మీ పుస్తకం చూశానండి, సువార్త గారు పోయారని మీకెలా తెలిసింది అని అడిగాను. ఆ గొంతు చాలా నెమ్మదైనది.

“వాళ్ళాయనే చెప్పారమ్మా. ఏడెనిమిదేళ్ళయింది. బాపట్లలో తీర భాషకి నిఘంటువు పని మొదలెట్టాం. ఆవిడైతేనే చెయ్యగలరని వెతుక్కుంటూ వెళ్ళాను. ‘సువార్త గారున్నారాండీ’ అంటే ‘లేరండి’ అన్నారు. బజారుకెళ్ళారేమో అనుకుని, ఎప్పుడొస్తారని అడిగాను. ‘ఇంకెక్కడ రావడం సార్, ఆవిడ పోయి మూడేళ్ళయింది’ అన్నారు. పాపం ఆయనే నన్ను కూర్చోబెట్టి కాఫీ ఇప్పించారు.”

కాఫీ అన్న మాట వినగానే ఆ రోజు నా కళ్ళముందు లేచి నిలబడింది. సెలవు రోజు. నేను వంటింట్లో చేపలు కడుగుతున్నాను. “రూబీ, రెండు కాఫీలు” అని ముందుగదిలోంచి కేక. చేతులు నిమ్మకాయతో రుద్దుకుని, వాసన వస్తుందేమోనని మళ్ళీ రుద్దుకుని కాఫీలు పట్టుకెళ్ళాను. ఎవరో పెద్దాయన, కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటున్నారు. నా వంక సరిగ్గా చూడను కూడా లేదు. వెళ్ళాక ఎవరండీ అని అడిగితే, “ఇన్సూరెన్సాయన. ఎవరో తెలిసినావిడ పోయిందట, బాధపడుతున్నాడు” అన్నారు మా ఆయన. “అయ్యో పాపం, పిల్లలున్నారా?” అని అడిగాను. “ఒక పాప” అన్నారు. ఆ పిల్లని తలుచుకుని ఆ పూటంతా నా మనసు మనసులో లేదు. నా చావుకి నేను జాలిపడ్డాను.

“అమ్మా, లైన్లో ఉన్నారా?”

“ఆ కాఫీ నేనే ఇచ్చానండి” అన్నాను. “నేనే సువార్తని.”

“నేను... మిమ్మల్ని ఆయన రెండో భార్య అనుకున్నానమ్మా.”

తెనాలి బస్సులో కూర్చున్నాక గానీ ఏడుపు రాలేదని గమనించలేదు. రావాలి కదా అనుకున్నాను. కోపమైనా రావాలి. ఒంట్లో ఏమీ లేదు, వానకి తడిసిన గోడలా చల్లగా ఉంది. ఆలోచిస్తే భయమేసింది, ఆయన అబద్ధమాడినందుకు కాదు. చెప్పిన తరవాత కూడా ఆ పూట నేను వండిన పులుసు అన్నంలో కలుపుకుని తిన్నారు. ఉప్పు ఎక్కువైందన్నారు. పక్కన పడుకున్నారు. ఇన్నేళ్ళలో ఒక్కసారి ఆ మాట గుర్తొచ్చి ఉలిక్కిపడి ఉండరా? బహుశా ఉండరు. పాలవాణ్ణి రేపు రమ్మని పంపించినట్టే, నన్ను చంపి శాలేమురాజు గారిని పంపించి ఉంటారు. అంత తేలిక పని.

ఇంటికి వెళ్ళేసరికి కాలేజీ నుంచి వచ్చి కూర్చుని ఉన్నారు. “పుస్తకాలేవి?” అన్నారు. తేలేదన్నాను. శాలేమురాజు గారితో మాట్లాడానన్నాను. పేరు వినగానే ఒక్క క్షణం ముఖం మారింది, వెంటనే నవ్వేశారు.

“ఓ, ఆయనా! ఇంకా గుర్తుపెట్టుకున్నాడా?”

“నేను చచ్చిపోయానని చెప్పారా?”

“ఏదో అన్నాన్లే. అప్పుడు పాప చిన్నది, అమ్మకి కంటి ఆపరేషన్ ఉంది. నువ్వు బాపట్లెళ్ళి కూర్చుంటే ఇల్లెవరు చూస్తారు? వద్దంటే మళ్ళీ మళ్ళీ వస్తాడు, నీతో మాట్లాడతానంటాడు. నువ్వు లేవంటే ఒక్కసారితో పోతుంది.”

“నన్నడగచ్చుగా.”

“అడిగితే వెళ్తాననేదానివి!” అన్నారు, తనకే అన్యాయం జరగబోయినట్టు. తరవాత గొంతు తగ్గించి, నచ్చజెబుతున్నట్టు అన్నారు. “ఇప్పుడు నీకొచ్చిన నష్టమేంటి చెప్పు? నిక్షేపంలా బతికే ఉన్నావుగా. అయినా నేనన్నదాంట్లో అబద్ధమేముంది? ఆ సువార్త ఈ ఇంట్లో ఎక్కడుంది? నువ్వే చూపించు.”

చూపించడానికి నాకు ఏమీ కనిపించలేదు. అదే నన్ను అన్నిటికన్నా ఎక్కువ కొట్టింది. గదంతా చూశాను. సోఫా కవర్లు నేను కుట్టినవే, పేపర్లు నేను దిద్దినవే, ఆయన షెల్ఫులో ఫైళ్ళు నేను సర్దినవే. ఒక్కదాని మీదా నా పేరు లేదు.

గుమ్మంలో అత్తమ్మ నిలబడి ఉంది. జ్ఞానమ్మ అంటే వీధిలో అందరికీ మర్యాద, నోరెత్తి మాట్లాడదు. పమిట చివర చేతికి చుట్టుకుంటూ అంది, “నేనూ విన్నానే ఆ రోజు. లోపల గదిలో ఉన్నాను.”

“విని ఊరుకున్నారా అత్తమ్మా?”

“ఊరుకోలేదు. బతికున్న మనిషిని అట్టా అనకూడదు, కీడు తగులుద్దని భయపడ్డాను. ఆ ఆదివారం గుళ్ళో నీ ఆయుష్షు కోసం ప్రార్థన చేయించాను.”

కొడుకుని ఒక్క మాట అనడం కంటే దేవుణ్ణి అడగడం ఆవిడకి సులువైంది. ఆవిడ వంక చూస్తే కోపం రాలేదు. కళ్ళ మందు వేసే వేళయింది, వేశాను. “రేపటి నుంచి మీ అబ్బాయి వేస్తారు” అన్నాను. మా ఆయన ఫోన్లోంచి తలెత్తి ఏంటన్నారు. నేను బాపట్ల వెళ్తున్నానన్నాను. “ఎందుకు?” అంటే, “నన్ను వెతుక్కుంటూ ఒకాయన వచ్చారు, ఆయన్ని కలవడానికి” అన్నాను. పాప పుస్తకంలోంచి చూస్తోంది. “సువార్త ఎవరమ్మా?” అంది. చెప్పాను. తొమ్మిదో తరగతి చదివే పిల్లకి వాళ్ళమ్మ అసలు పేరు ఆ సాయంత్రం తెలిసింది.

పొద్దున్నే తెనాలి స్టేషన్లో బాపట్ల రైలెక్కాను. మా ఆయన రెండుసార్లు ఫోన్ చేశారు. ఇడ్లీ పిండి ఎక్కడుందని ఒకసారి, కాలేజీలో ఈ సంగతి ఎవరికీ చెప్పకు అని ఇంకోసారి.

శాలేమురాజు గారు గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. నన్ను చూడగానే రెండు చేతులూ జోడించారు, చాలాసేపు దించలేదు. లోపల గదిలో నిఘంటువు కాగితాలు బల్ల నిండా ఉన్నాయి. పని సగంలో ఆగిందట, మాటలు తెలిసినవాళ్ళు లేక. ఎప్పటి నుంచి రాగలరని అడిగారు. ఈరోజు నుంచే అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని, తన పుస్తకం మొదటి పేజీ తెరిచారు.

“రెండో ముద్రణ ప్రెస్సుకి వెళ్తోందమ్మా. ఈ మాట ముందు కొట్టెయ్యాలి. క్షమించమని కింద రాస్తాను” అని పెన్ను తీశారు.

ఆ పేజీ మీద నా చెయ్యి పెట్టాను.

“దివంగత అన్న మాట తీసెయ్యకండి సార్. ఇది పరిశోధన గ్రంథం. నేను బతికే ఉన్నానని పక్కన వేసి, దివంగత అన్నదానికి కింద ఆధారం ఇవ్వండి. చెప్పినవారు, ఆమె భర్త.”